పచ్చబొట్టు మీద నీళ్ళు

లాలెమ్మ చెయ్యి పడకుండా ఆ ఊరి సాయిబుల ఇళ్ళలోంచి ఏ ఆడమనిషీ గోరీల దిబ్బకు పోలేదు. గుత్తి కోట కనబడేంత దూరంలో, ఎర్రమట్టీ గులకరాళ్ళూ తప్ప ఏదీ ధారాళంగా దొరకని పల్లె అది. పెళ్ళికి పిలవడం మరిచిపోయినవాళ్ళు కూడా, ఇంట్లో ముసలామె కళ్ళు తేలేస్తే మాత్రం పరుగున వచ్చి లాలెమ్మ గడప ముందు నిలబడేవాళ్ళు. "బతికినోళ్ళు పిల్సకపోతే పోనీలే, సచ్చినోళ్ళు నన్ను మర్సిపోరు" అనేది ఆమె, కొంగు నడుముకు దోపుకుంటూ. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేని మనిషి. నోరు మాత్రం పదును.

ఆమెది దూదేకుల ఇల్లు. మొగుడు కుళ్ళాయప్ప విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి, పరుపులకు దూది ఏకేవాడు. దూదేకులవాళ్ళ బతుకే అటూ ఇటూ కాని బతుకు. గుత్తిలోని సాయిబులు వీళ్ళను సగం సాయిబులనేవారు, ఊళ్ళోని కాపులు పూర్తి సాయిబులనేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. మొహర్రానికి పీర్లనెత్తేవారు, గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకునేవారు, ఉగాదికి ఓళిగలు వండుకునేవారు. పచ్చబొట్లు కూడా అలాగే పక్కింటి నుంచి వచ్చి ఒంటికి అంటుకున్నాయి. అదొక తప్పని గానీ ఒప్పని గానీ ఎవరూ అనుకోలేదు.

లాలెమ్మకు పచ్చబొట్టు పొడిపించిన రోజు బాగా గుర్తు. బుట్టలో సూదులూ మసిరంగూ పెట్టుకుని ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె ముందు కూర్చోబెట్టి, తల్లి హుసేనమ్మ ఆమె ముంజేతిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది. హుసేనమ్మకు మోచేతి నుంచి మణికట్టు దాకా ఖాళీ లేదు. తేలు, దీపం సెమ్మె, చుక్కల వరుస, పీరు పంజా. కూతురికి ఒక్క తేలు, దాని చుట్టూ చుక్కలు చాలన్నారు. ఆ ఒక్కదానికే లాలెమ్మ వాడంతా వినబడేలా ఏడ్చింది.

"ఓర్సుకో పాపా. నగలు దొంగోడు ఎత్తకపోతాడు, సీరలు సినిగిపోతాయి. సచ్చినాక మన ఎంబడి వచ్చేది ఇదొకటే" అంది తల్లి.

ఆ మాట ఆ సీమలో ఆడవాళ్ళంతా అనేదే. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడానికి అన్న మాట ముప్పై ఏళ్ళకు తిరిగొచ్చి తల్లి మెడకే చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

డెబ్బై రెండు కరువులో లాలెమ్మ ఈ పని నేర్చుకుంది. అప్పటిదాకా బీబవ్వ అనే ముసలామె చేసేది. ఆ ఏడు గంజి కూడా అందక పెద్దవాళ్ళు ఒకరి వెనక ఒకరు రాలిపోతుంటే, బీబవ్వకు నడుము ఒంగక, "నువ్వు రామ్మే, నీ చేతులు గట్టివి" అని లాలెమ్మను పిలుచుకుంది. చనిపోయినవాళ్ళకు చేయించే స్నానాన్ని గుసులు అంటారు. రేగాకు వేసి కాచిన నీళ్ళు, కుడివైపు మొదలుపెట్టి కడగడం, పైన గుడ్డ జారకుండా గుడ్డ కిందనే చెయ్యి పోనివ్వడం, చివరి నీళ్ళలో కర్పూరం. అన్నీ ఒక్క కరువులోనే చేతికి వచ్చేశాయి.

ఒకసారి పొయ్యి దగ్గరే కూలిపోయిన ఇల్లాలిని బల్ల మీద పడుకోబెట్టారు. రొట్టె తట్టుతూ తట్టుతూ పోయింది పాపం, గోళ్ళ కింద జొన్నపిండి ఎండిపోయి ఉంది. లాలెమ్మ నీళ్ళు పోయబోతే బీబవ్వ చెంబు పట్టుకుని ఆపింది.

"పిండి అంటుకున్న కాడికి నీళ్ళు పోవు. నీళ్ళు తగలని చోటు గోరంత ఉన్నా గుసులు కాదు. గుసులు కాకపోతే పూడ్సే ముందర సదివే జనాజా నమాజు కాదు. ఆ మనిషిని ఊరికే గుంతలో ఏసినట్ల. యాపపుల్ల తీసకరా" అంది.

వేపపుల్లతో ఒక్కో గోరూ గీకి శుభ్రం చేసేదాకా ముసలామె కదలలేదు. లాలెమ్మ ఆ మాటను గుండెల్లో మేకులా దిగ్గొట్టుకుంది. బీబవ్వ పోయాక పని పూర్తిగా తన చేతికి వచ్చింది. వక్కాకు సున్నం, పేడ మరక, పాదాల పగుళ్ళలో బంక, ఏదీ వదిలేది కాదు. లాలెమ్మ కడిగిన శవంలో దేవదూతలు వెతికినా మురికి దొరకదని వాడలో ఎగతాళి చేసేవారు. ఎగతాళే గానీ, తమ వంతు వచ్చినప్పుడు లాలెమ్మే రావాలని ప్రతి ముసలామే కోరుకునేది.

హుసేనమ్మకు కొడుకుల్లేరు. మొగుడు పోయాక కూతురి పంచనే చేరింది. "నాకేం దిగుల్లేదు, నన్ను కడిగేదానికి నా బిడ్డే ఉండాది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ ధీమా ఒక్కటే ఆమెకున్న ఆస్తి.

ఎనభై ఐదో సంవత్సరం మళ్ళీ కరువు. చేనులో వేసిన శనక్కాయ విత్తనం చీమల పాలైంది. బావులు అడుగంటి, నీళ్ళు బండి మీద పీపాల్లో రావడం మొదలైంది. ఆ ఎండల్లోనే నలుగురు పెద్దమనుషులు ఊరి మసీదులో దిగారు. ఊరూరా తిరిగి దీను గురించి, అంటే మతధర్మం గురించి చెప్పే జమాతు వాళ్ళు. మంచివాళ్ళే. ఎవరింటా తినకుండా, తమ బియ్యం తామే వండుకున్నారు. పక్కింటి దొడ్లో దుప్పటి అడ్డం కట్టి ఆడవాళ్ళను కూర్చోబెడితే, అవతల నుంచి వాళ్ళలో ఒకాయన సగం ఉర్దూ సగం తెలుగులో మాట్లాడాడు. నమాజు గురించి, అబద్ధం గురించి, సారా గురించి చెప్పాక, పచ్చబొట్టు దగ్గరకు వచ్చాడు. అల్లా ఇచ్చిన ఒంటిని మార్చుకోకూడదు, పచ్చబొట్టు పొడిచేవాళ్ళకూ పొడిపించుకునేవాళ్ళకూ శాపముందని ప్రవక్త రసూలు వారు చెప్పారన్నాడు. ఆ మాట అయ్యాక వడ్డీ గురించి ఎత్తుకున్నాడు. మరునాడు వాళ్ళు వేరే ఊరికి పోయారు.

ఆయన చెప్పింది అంతే. నీళ్ళ మాట ఎత్తలేదు, గుసులు మాట ఎత్తలేదు, తీసేసుకోమని కూడా అనలేదు. మిగతాది లాలెమ్మ తానే కల్పించుకుంది. పొయ్యి ముందు కూర్చుని చేతికంటిన పిండి కడుక్కుంటుంటే తట్టింది. గోరు కింది పిండికే నీళ్ళు అందవంటే, మోచేయి దాకా నిండిన పచ్చరంగుకు ఎలా అందుతాయి? రంగు అడ్డమే కదా? అడ్డమైతే గుసులు ఎక్కడిది? నమాజు ఎక్కడిది? ఇన్నేళ్ళుగా తాను కడిగి పంపిన ముసలమ్మలు ఒక్కొక్కరూ కళ్ళముందు నిలబడ్డారు. అందరి చేతులకూ పచ్చబొట్లే. తెలివితక్కువవాళ్ళు చేసే తప్పు చిన్నది, నలుగురూ నవ్వి దిద్దుతారు. జాగ్రత్తపరులు చేసే తప్పును పట్టుకునేవాడే ఉండడు.

లాలెమ్మ మొగుడిని అడిగింది.

"ఏమప్పా, గుత్తికి పోతాండావు గదా, ఆడ మసీదు హజరత్‌ని ఒక మాట అడిగిరా. పచ్చబొట్టు ఉంటే గుసులు అవుతాదా, కాదా అని."

కుళ్ళాయప్ప అప్పటికి కొత్తగా గడ్డం పెంచుతున్నాడు. పేరు కూడా ఖాదర్ బాషా అని మార్చుకున్నాడు గానీ, ఆ పేరుతో పిలిస్తే తానే పలికేవాడు కాదు. "ఆడోళ్ళ స్నానాల సంగతి పెద్దాయన్ని నేనెట్ల అడిగేది? సిగ్గుగాదా? నీకి తెలియనిదా?" అని విల్లు ఎత్తుకుని పోయాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి సిగ్గు ఒకరికి, పెద్దాయన ముందుకు పోయి అడిగే దారి లేదు ఇంకొకరికి.

ఈ మాటలన్నీ తిన్నె మీద పడుకున్న హుసేనమ్మ వింది.

"అంటే, నాకి గుసులు కాదా మే?"

లాలెమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"నువ్వు కడిగినా కాదా? నమాజు ల్యాకుండా నన్ను గుంతలో ఏస్తారా? సెప్పు."

అబద్ధమాడి ఉంటే సరిపోయేది. "నీకెందుకు మా, నేనుండానుగా" అంటే ముసలామె నమ్మి నిద్రపోయేది. కానీ లాలెమ్మ తన పనిలో అబద్ధమాడి ఎరగదు. "నాకి తెలీదు మా" అంది. ఆ మాటతో హుసేనమ్మ ధీమా కూలిపోయింది.

అప్పటి నుంచి ముసలామె చేతిని కొంగు కింద దాచుకునేది. సంకటి ముద్ద రెండు మింగి పక్కకు నెట్టేసేది. ముసలామె ఎందుకు తినదని అడిగిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు లాలెమ్మ ఉన్న భయమంతా చెప్పేసేది. "సచ్చినాక ఎంబడొస్తాదని నేనే అన్నె గదే. ఇంగ వచ్చి ఆడ నా మీదనే సాచ్చెం సెప్తాది" అని గోడకేసి చెప్పుకునేది. ఒకరోజు లాలెమ్మ కూలి నుంచి వచ్చేసరికి, తల్లి ఇటుక ముక్కతో ముంజేతిని రుద్దుకుంటూ కనిపించింది. చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. కళ్ళు సరిగ్గా ఆనని ముసలామె, తేలు ఎక్కడుందో వేలితో తడుముకుని మరీ రుద్దుతోంది.

లాలెమ్మ ఇటుక లాక్కుని విసిరేసింది. తల్లిని పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "నువ్వు సేసుకోవద్దు మా. తీసేదేదో నేనే తీస్తా. నీది తీసి, నాది తీసుకుంటా" అంది.

"నాదే ముందు. ముందు పోయేది నేను గదా" అంది హుసేనమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటపడింది.

చాకలి ఆంజినమ్మ దగ్గర బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజలుంటాయి. లాలెమ్మ పోయి అడిగితే, ఆంజినమ్మ పిడికెడు చేతిలో పోసి, "గుడ్డకి పెట్టినా పోదు, ఒంటికి తగిలినా పోదు. జాగర్తక్కా, సుక్క పడితే బొబ్బలెక్కి సర్మం ఊడొస్తాది" అంది. లాలెమ్మకు కావలసింది అదే. చర్మంతో పాటు రంగూ ఊడి వస్తుందని లెక్క.

ఎండ బాగా ఎక్కాక, వాకిట్లో చాప మీద కూర్చున్నారు. ఇప్పుడు తల్లి ముంజేతిని కూతురు తన మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంది. కాల్చిన జీడిగింజ నుంచి కారిన నల్లటి చమురును పుల్లతో తీసి, తేలు మీద, దీపం మీద, పంజా మీద, ఒక్కో చుక్క మీద రాసింది. పైన సున్నం పూసింది. గోళ్ళ కింద పిండి తీసినంత శ్రద్ధగా, ఒక్క గీతా తప్పిపోకుండా చేశాననుకుంది. హుసేనమ్మ పళ్ళు బిగించి, చెమటలు కారుతుంటే కూడా నవ్వింది.

"పొడిసేటప్పుడు నువ్వు వాడంతా లేపినావు. నేను సూడు, కిక్కురుమనలే."

బొబ్బలు లేచాయి, పగిలాయి. పై చర్మం పొరలుగా ఊడి వచ్చింది. కింద ఎర్రటి మాంసంలో అదే తేలు, కాస్త మసకగా, తోక ఎత్తి అలాగే ఉంది. రంగు ఇంకా లోతున దిగి ఉందని లాలెమ్మకు అప్పుడు తెలిసింది. పసుపు అద్దింది, వేపాకు నూరి కట్టింది. కడగడానికి నీళ్ళు కావాలి, పీపా బండి వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. ఈగలు తోలడానికే పొద్దు సరిపోయేది. చెయ్యి మోచేయి దాటి వాచింది. కరువుకు ఎండి ఉన్న ముసలి ఒళ్ళు, జ్వరం పట్టుకుంటే ఏం తట్టుకుంటుంది? బస్సులో గుత్తి ఆసుపత్రికి మోసుకుపోయారు. డాక్టరమ్మ కుళ్ళిన కండ తీసి, సూదులేసి, చేతినిండా పట్టీ చుట్టింది. విషం నెత్తుట్లో కలిసిందని, ముందే తేవలసిందని చెప్పింది. ఆసుపత్రిలో ఉంచమంటే హుసేనమ్మ ఒప్పుకోలేదు. ఇంటికే పోదామని పసిపిల్లలా ఏడ్చింది.

ఇంటికి వచ్చాక ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. చివర్లో జ్వరం మత్తులో, "పోయిందా మే?" అని ఒకటే అడిగేది.

"పోయింది మా" అంది లాలెమ్మ. ఆ అబద్ధం ముందే ఆడి ఉంటే ఎంత బాగుండేది. హుసేనమ్మ ఒక తెల్లవారుజామున పోయింది.

జనాజా నమాజు చదివించడానికి గుత్తి నుంచి హజరత్ వచ్చాడు. తెల్లగడ్డం, మెత్తటి మాట, మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకు నడిచే మనిషి. లోపల బల్ల మీద తల్లిని పడుకోబెట్టి, లాలెమ్మ చెంబు ఎత్తి ఆగిపోయింది. పట్టీ మాంసానికి అంటుకుపోయి ఉంది. విప్పితే కండ ఊడి వస్తుంది, విప్పకపోతే నీళ్ళు అందవు. ఈసారి మొగుడిని బతిమాలలేదు. హజరత్ ఒక్కడినే తలుపు దగ్గరకు పిలిపించి, వెనక నిలబడి తానే అడిగింది.

"హజరత్, చేతికి పట్టీ ఉండాది. నీళ్ళు పోవు. ఇప్పల్నా?"

"విప్పొద్దమ్మా. పట్టీ మీద తడిచెయ్యితో తుడువు, సరిపోతాది. సచ్చినోళ్ళ ఒంటిని కూడా నొప్పించకూడదు" అన్నాడాయన. కాస్త ఆగి, "ఏం గాయమమ్మా అది?" అని అడిగాడు.

లాలెమ్మ చెప్పింది. జమాతు వాళ్ళ మాట, గోరు కింది పిండి, జీడిగింజలు, అన్నీ చెప్పింది. బయట కర్ర నేలకు తగిలిన చప్పుడు వినబడింది.

"పచ్చబొట్టు వద్దన్న మాట నిజమే తల్లీ. పొడిపించుకోకూడదు, పొడవకూడదు. అయితే తెలియని వయసులో పక్కోళ్ళు పొడిస్తే ఆ పాపం ఆమెది గాదు. తెలిసినాక తప్పైందని తౌబా సెప్పుకుంటే సాలు, అల్లా క్షమిస్తాడు. తీసేదానికి ఒళ్ళు కాల్సుకోమని మాకెవురూ నేర్పలేదు. ఇంగ నీళ్ళంటావా, పిండి సర్మం పైన ఉంటాది, రంగు సర్మం లోపల ఉంటాది. నీళ్ళు పారేది పైన గదా. ఆమె నమాజులకేమీ కాలేదు. గుసులుకూ ఏమీ కాదు" అన్నాడు. తర్వాత, కోపంగా కాదు, దుఃఖంగా, "ఎవురైనా వచ్చి అడిగింటే సెప్పేవాణ్ణి గదమ్మా" అన్నాడు.

అరుగు మీద కుళ్ళాయప్ప తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. లాలెమ్మ తల్లి దగ్గరకు వెనక్కి వచ్చింది. కుడివైపు మొదలుపెట్టి కడిగింది. పట్టీ అంచున, మణికట్టు దగ్గర, తాను రాయడం మరిచిపోయిన ఒక పచ్చచుక్క కనిపించింది. దాని మీద నీళ్ళు పోసింది. నీళ్ళు చుక్క మీదుగా జారి, బల్ల అంచు నుంచి కారి, మట్టిలో ఇంకిపోయాయి. నమాజు ఆ మధ్యాహ్నమే నిండు వరసతో జరిగింది. హుసేనమ్మ భయపడినట్టు ఏమీ జరగలేదు.

అప్పటి నుంచి లాలెమ్మ ఏ చావుకూ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళకు, "నా చేతులు పనికిరావు, పోండి" అని తలుపు వేసుకునేది. జమాతు వాళ్ళు వచ్చిపోయాక మణికట్టు దాకా చేతులున్న రవిక కుట్టించుకుంది, ఎంత ఎండలోనూ దాన్ని పైకి మడవలేదు. ఊళ్ళో ఇద్దరు పోతే, చేతకానివాళ్ళే ఎలాగో కానిచ్చారు. ఆమె నోటి పదును కూడా పోయింది. ఎగతాళి చేసేవాళ్ళకు బదులు చెప్పడం మానేసింది.

వానలు మళ్ళీ మొండిచెయ్యి చూపిన ఏడు, నాలుగిళ్ళ అవతల మాబున్ని అత్త చనిపోయింది. మాబున్ని వచ్చి గడప బయటే నిలబడింది.

"నిన్ను రమ్మని అడగనులే అక్కా. ఒక మాట సెప్పు సాలు. సున్నం ఎంతసేపు పెట్టాల?"

"ఏం సున్నం?"

"మా అత్త చేతులకి. పచ్చబొట్లు ఉండాయి గదా. సచ్చినాక నొప్పి ఉండదు గాబట్టి ఇటుకతో రుద్ది, సున్నం పెడితే పోతాదంటాండారు. నీళ్ళు అందల్ల గదా. నువ్వే గదక్కా ముందు సెప్పింది?"

లాలెమ్మ గడప దాకా వచ్చింది. తన నోటి నుంచి జారిన మాట తన తల్లితో పాటే మట్టిలో కలిసిపోయిందనుకుంది. అది గడప గడపా తిరిగి ఊళ్ళో కాపురం పెట్టింది. హజరత్ చెప్పిన మాట మాత్రం ఆ తలుపు దాటి పోలేదు, సిగ్గుతో తానే పోనివ్వలేదు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

మాబున్ని వాకిట్లో బల్ల వేసి, దుప్పట్లు అడ్డం కట్టారు. బల్ల పక్కన ఇటుక ముక్క, చిప్పలో సున్నం సిద్ధంగా ఉన్నాయి. లాలెమ్మ రెండింటినీ తీసి గోడ అవతలికి విసిరేసింది. రేగాకు నీళ్ళ కడవలోంచి చెంబు ముంచి, అందరి ముందూ రవిక చెయ్యి మోచేతి పైకి లాగింది. తేలు అక్కడే ఉంది, చుక్కలతో సహా. దాని మీద చెంబెడు నీళ్ళు వంచింది.

"అయ్యో, నీళ్ళు!" అంది ఎవరో వెనక నుంచి. పీపా బండి రాక వారం అవుతోంది మరి.

నీళ్ళు తేలు మీద పడి, తోక మీదుగా జారి, వేళ్ళ చివరల నుంచి నేల మీదకు కారిపోయాయి. లాలెమ్మ ఆ తడిచేతిని ఒక్కొక్కరి ముందుకూ తీసుకుపోయి చూపించింది.

"సూడండి. యాడన్నా ఆగినాయా? నీళ్ళు పోని చోటు యాడన్నా ఉండాదా?"

మాబున్ని వంగి ఆ తేలును వేలితో తాకి చూసింది.

"మాయమ్మ చేతి మీద గూడా ఇట్లనే పోయేవి. దినామూ నా ముందరే చేతులు కడుక్కునేది. నేను సూడలే" అంది లాలెమ్మ. తర్వాత చెంబు మళ్ళీ ముంచుకుని, ముసలామె కుడిచేతిని తన చేతిలోకి తీసుకుంది.